ఉత్తుత్తి బస్సు, ఉద్దెర దుకాణం: చిన్నపిల్లల ఆటకు ఇంట్లో ఏం పెట్టాలి, ఏం పెట్టొద్దు

మూడేళ్ల పిల్ల ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ "చాయ్ అయింది, తాగు" అని మన ముందు పెడుతుంది. చాలామంది పెద్దవాళ్లు ఆ గిన్నె అందుకుని "ఇది ఏం రంగుంది బిడ్డా? ఎన్ని గిన్నెలున్నయి చెప్పు?" అంటారు. పిల్ల రంగు చెప్తుంది, లెక్క చెప్తుంది, గరిటె అక్కడే పడేసి లేచిపోతుంది. అడిగినవాళ్లు మంచి ఉద్దేశంతోనే అడిగారు. కానీ దుకాణం నడుస్తుంటే అధికారి వచ్చి తనిఖీ చేసినట్టయింది. గిన్నె అందుకుని ఊది, గుటక వేసి, "చక్కెర తక్కువైంది" అంటే ఆట ఇంకో పావుగంట నడిచేది. చక్కెర ఎక్కడుందో వెతకాలి కదా.

ఉత్తుత్తి ఆటలకు పెద్దవాళ్లు చేయాల్సినవి మూడే: చోటు, వేళ, సామాను. పిలిస్తే నాలుగోది, చిన్న వేషం. మిగతాదంతా పిల్లలు చూసుకుంటారు. ఈ మూడూ ఎంతెంత ఉండాలి, ఎక్కడ చెడతాయి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

సామాను ఎంచుకోవడంలో నాకు బాగా పనికొచ్చే సూత్రం రష్యా మనస్తత్వవేత్త లేవ్ వైగోట్‌స్కీ 1933లో ఆట మీద ఇచ్చిన ఉపన్యాసంలో ఉంది. పిల్లవాడికి కర్ర గుర్రమవుతుంది, పోస్టుకార్డు మాత్రం గుర్రం కాలేదు అంటాడాయన. కర్రను కాళ్ల మధ్య పెట్టుకుని ఉరకొచ్చు, కార్డుతో ఆ పని కుదరదు. అంటే వస్తువు అసలుదానిలా కనిపించకపోయినా ఫరవాలేదు, చేతికీ ఒంటికీ ఆ పని చేయనివ్వాలి. అన్నం వార్చే సిబ్బి స్టీరింగవుతుంది, రెండు చేతులతో పట్టుకుని తిప్పొచ్చు కాబట్టి. సబ్బుపెట్టె ఫోనవుతుంది, చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడొచ్చు కాబట్టి.

ఇది వయసును బట్టి మారుతుంది. ఏడాది దాటిన పిల్లలు ఖాళీ గ్లాసుతో తాగినట్టు చేస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య అదే గ్లాసు బొమ్మ నోటికి పెడతారు. ఆ వయసులో వస్తువు అసలుదానికి దగ్గరగా ఉండాలి. చెక్కముక్క ఇచ్చి "ఇది రొట్టె" అంటే వింతగా చూస్తారు, నిజం స్టీలు గ్లాసు, నిజం చెంచా ఇవ్వడం మేలు. మూడేళ్లకు చెక్కముక్క రొట్టె అవుతుంది. నాలుగైదేళ్లకు వస్తువే అక్కర్లేదు, పిడికిలి చెవి దగ్గర పెట్టుకుంటే ఫోన్ మోగినట్టే. "నేను కండక్టర్‌నంట, నువ్వు బస్సు దొరకక ఏడ్చినవంట" అని ముందే కథ ఒప్పందం చేసుకునేది కూడా ఆ వయసులోనే. ఇళ్లల్లో ఇది తరచూ తలకిందులవుతుంది. రెండేళ్ల పిల్లకు చెక్కముక్కలు కొనిస్తారు, అయిదేళ్ల పిల్లవాడికి ప్లాస్టిక్ వంటింటి సెట్టు. ఆ సెట్టులోని గ్యాస్ పొయ్యి ఎప్పటికీ గ్యాస్ పొయ్యే, ఇంకేమీ కాలేదు. నాలుగు రోజులు ఆడి మూల పడేస్తే తప్పు పిల్లవాడిది కాదు.

గంపలో ఏముండాలి

వెదురు గంప గానీ పాత ప్లాస్టిక్ టబ్బు గానీ ఒకటి చాలు. అందులో సైజుకొకటి చొప్పున మూడు గిన్నెలు, రెండు గరిటెలు, ఒక సిబ్బి లేదా స్టీలు తాంబాళం, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు నాలుగు, సబ్బువి, టూత్‌పేస్టువి అట్టపెట్టెలు అయిదారు, మీటరు పొడవున్న పాత నూలుబట్ట ముక్కలు మూడు, ఒక దస్తీ, ఒక చేతిసంచి. వడ్లాయన దగ్గర తలుపులు కోయగా మిగిలిన చెక్కముక్కలు పది పన్నెండు అడిగితే కాదనడు. ముందు 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120 నంబరుది రుద్దాలి. అంచుల మీద దూది లాగి చూడండి, పోగు చిక్కుకుంటే పెచ్చు ఉన్నట్టు, మళ్లీ రుద్దాలి. రంగు వేయొద్దు. ఎరుపు రంగు వేసిన చెక్క "కారు" అయి కూర్చుంటుంది, వేయనిది ఇవాళ ఇటుక, రేపు సబ్బు, ఎల్లుండి బిడ్డ.

తాడు ఇవ్వాల్సివస్తే జానెడు ముక్కలే ఇవ్వండి. మెడకు చుట్టుకునేంత పొడుగుది గంపలో ఉండొద్దు.

ఇదంతా కలిపి ముప్పై దాకా అవుతాయి. ఒకేసారి బయట పెట్టేది పన్నెండు, పదిహేను. మిగతావి అటక మీద. వారానికోసారి సగం తీసి సగం మార్చండి. అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధనలో ఏడాదిన్నర, రెండున్నరేళ్ల మధ్య పిల్లలకు ఒకసారి 4 బొమ్మలు, ఇంకోసారి 16 బొమ్మలు ఇచ్చి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. జాతరకు పోయొచ్చిన ప్రతిసారీ సంచి నిండా బొమ్మలు తెచ్చే మేనమామలకు ఇది చెప్పడం కష్టం. తీసుకుని, మూడొంతులు అటకెక్కించడం తేలిక.

చోటు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఒక ఈతచాప పరిచేంత, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. అది వంటింటి గడప దగ్గర ఉండాలి, వెనక గదిలో కాదు. నాలుగేళ్ల లోపు పిల్లలు మనిషి అలికిడి వినిపించే చోటే ఆడతారు. "పిల్లల గది" అని వేరే కట్టించినవాళ్లు ఆ గదిలోని బొమ్మలు రోజూ వంటింట్లోకి నడిచొస్తున్నాయని విసుక్కోవడం మామూలే. కింద షాబాద్ బండలుంటే అదృష్టం. ఎండాకాలం చల్లగా ఉంటాయి, చాక్‌పీసుతో రోడ్డు, రైలుపట్టా, చెరువు ఏది గీసినా చక్కగా కనబడుతుంది, తడిబట్టతో పోతుంది. నున్నటి టైల్స్ మీద చాక్‌పీసు జారుతుంది, అక్కడ పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించండి. నల్లగొండ, మిర్యాలగూడ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా ఎట్లాగూ లోపలే ఉండాలి. ఏడాదిలో ఉత్తుత్తి ఆట బాగా పండే కాలం అదే.

వేళ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తక్కువలో తక్కువ ముప్పావుగంట ఎడతెగకుండా కావాలి. మొదటి పది పదిహేను నిమిషాలు ఆటలా కనిపించదు. డబ్బాలు అటు జరుపుతారు, ఇటు జరుపుతారు, మూత తీస్తారు, పెడతారు, నేల మీద బోర్లా పడుకుంటారు. "ఆడుకుంటలేడు, ఊకెనే ఉన్నడు" అని మనం ఫోన్ ఇచ్చేది సరిగ్గా అప్పుడే. అది దున్నకం, విత్తనం తర్వాత పడుతుంది. అరగంటకే స్నానానికి పిలిస్తే కథ మొదలయ్యే చోట ఆగిపోయినట్టు. స్నానం, తిండి అయ్యాక కూర్చోబెట్టండి.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి: రెండేళ్ల లోపు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని భారత శిశువైద్యుల సంఘం చెప్తుంది. ఆ గంటైనా ఆటకు ముందు ఇవ్వొద్దు. వీడియో చూసి లేచిన పిల్లలకు చేతిలోని చెక్కముక్క చాలాసేపు చెక్కముక్కలాగే ఉంటుంది.

బస్సు

దక్షిణ తెలంగాణలో పిల్లలకు బస్సు ఆట నేర్పాల్సిన పని లేదు, సామాను పెడితే చాలు. ఆరు పీటలు రెండు వరుసలు వేయండి. పీటలు లేకపోతే మడిచిన బొంతలు. ప్లాస్టిక్ కుర్చీలు వద్దు. షాబాద్ బండల మీద జారతాయి, పిల్లలు వీపు మీద ఎక్కి నిలబడితే వెనక్కి బోర్లా పడతాయి. ముందు పీట డ్రైవర్‌ది, చేతికి సిబ్బి. గేరుకు కవ్వం బాగుంటుంది, రెండు అరచేతులతో గాక ఒక చేత్తో పట్టుకుని లాగమనండి. కండక్టర్‌కు చేతిసంచి, టికెట్లకు పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు. ఒక్కో టికెట్టు నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది పొడవు కత్తిరించి, పది టికెట్లకు ఒక పిన్ను కొట్టండి. మూడేళ్ల పిల్లలకు చించడమే పెద్ద సంబరం. ఇక్కడొక చిక్కుంది. నున్నటి క్యాలెండర్ కాగితం గట్టిగా ఉంటుంది, వాళ్ల వేళ్లకు నేరుగా చిరగదు. పిన్ను పక్కన సూదితో వరుసగా తూట్లు పొడిచి ఇస్తే చిరుగుతుంది. స్టేప్లర్ పిన్ను కొన మీద టేపు అంటించండి.

నేల మీద ఊళ్లు రాయండి, వరుస తప్పకుండా. జడ్చర్ల నుంచి కర్నూలు దిక్కు పోతే భూత్పూర్, అడ్డాకుల, కొత్తకోట, పెబ్బేరు. చదవడం రాని పిల్లలకు ఊరికో గుర్తు గీయండి: ఒక చోట గుడి, ఒక చోట చెట్టు, ఒక చోట మిర్చిబజ్జీల బండి. మహబూబ్‌నగర్ అయితే పిల్లలమర్రి గీయడం తప్పదు, ఊడలు ఎన్ని గీసినా చాలలేదంటారు.

పెద్దవాళ్లు ఎక్కాల్సింది ప్రయాణికులుగా. డ్రైవర్‌గా ఎక్కితే ఆట మనదైపోతుంది. ప్రయాణికురాలు అవ్వ అయితే ఇంకా మంచిది, ఏం అడిగినా చెల్లుతుంది. "కొత్తకోటల ఆపుతవా బిడ్డా?" "మోకాళ్ల నొప్పులున్నయ్, మెట్టు మెల్లగ ఎక్కుత." పిల్లలు వెంటనే చేయి పట్టి ఎక్కిస్తారు. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి ఇప్పటి కండక్టర్ పిల్లలు అమ్మకు సున్నా టికెట్టు కొట్టి, నాయనను మాత్రం పైసలు అడుగుతారు. ఆధార్ కార్డు చూపించమంటారు. అట్టముక్క చూపించండి. కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకోవడం, "ఈ సీటు నాది" అని గొడవ పడటం, చిల్లర లేదని టికెట్ వెనక రాసివ్వడం, ఇవన్నీ మనం చెప్పకుండానే వస్తాయి. రాకపోతే ఒక్కటి మనం చేసి వదిలేయాలి, ఒక్కటే. మూడు ఒకేసారి చేస్తే పిల్లలు ప్రేక్షకులవుతారు. రెండు స్టేజీలు పోయాక "మా ఊరొచ్చింది, దిగుత" అని దిగిపోవాలి. దిగడం తెలియని పెద్దవాళ్ల వల్లే సగం ఆటలు చెడతాయి.

ఇద్దరూ డ్రైవర్లమే అని కొట్లాడితే సిబ్బి లాక్కుని పంచాయితీ చేయొద్దు. "భూత్పూర్‌ల డ్యూటీ మారుతదంట కదా?" అని ప్రయాణికుల సీట్లోంచి అంటే చాలు, ఆటలోనే తీర్పు దొరుకుతుంది. పెద్దపిల్ల ఎప్పుడూ తానే నడిపి చిన్నదానికి ఎప్పుడూ ప్రయాణికురాలి పనే ఇస్తుంటే, చిన్నదాని చేతికి ఈల ఇవ్వండి. ఈల కొట్టందే బస్సు కదలదు.

దుకాణం

దీనికి ప్రాణం త్రాసు. ఎలక్ట్రానిక్ కాటాలే చూసిన పిల్లలకు రెండు పళ్లాలు పైకి కిందికి ఊగడం వింతగా ఉంటుంది. ఒకటిన్నర అడుగుల నున్నటి కర్ర, ఒకే సైజు డబ్బా మూతలు రెండు, పురికోస ఆరు ముక్కలు, ఒక్కోటి నలభై సెంటీమీటర్లు. మూత అంచుకు మూడు తూట్లు సమదూరంలో పొడవాలి. గడియారంలో పన్నెండు, నాలుగు, ఎనిమిది ఉండే చోట్ల అనుకోండి. మూడు పోగులు పైన ఒకే ముడి వేసి కర్ర కొనకు, కొన నుంచి వేలెడు లోపలికి కట్టాలి. కట్టేచోట కత్తితో చిన్న గాటు పెట్టకపోతే ముడి జారి త్రాసు ఒక పక్కకే మొగ్గుతుంది. నడిమికి ఇంకో చిన్న తాడు కట్టి ఎత్తి చూడండి. ఒక పక్క వాలితే ఆ బరువు పక్కకే నడిమి ముడిని కొద్దికొద్దిగా జరపండి, సమం అవుతుంది. నాలుగేళ్ల పిల్లలు ఈ జరపడం వాళ్లే చేస్తామంటారు, చేయనివ్వండి. కిటికీ ఊచకు వాళ్ల ఛాతీ ఎత్తులో వేలాడదీయండి, చేత్తో పట్టుకుంటే చేయి నొప్పి పుట్టి పది నిమిషాల్లో దుకాణం మూస్తారు.

తూకం రాళ్లకు వాగు గులకరాళ్లు. సరుకుకు గింజ ఒలిచిన మక్క బెండ్లు, ఉల్లిగడ్డలు, బత్తాయిలు, ఖాళీ పాకెట్లు. బియ్యం, పప్పు మాత్రం ఇవ్వను నేను. అరగంటలో చీమలొస్తాయి, ఊడ్చేటప్పుడు మనకు కోపమొస్తుంది, ఆ కోపం రేపటి దుకాణం మీద పడుతుంది.

ఇప్పటి పిల్లలు నోట్లు అడగరు, "స్కాన్ చెయ్యి" అంటారు. అట్టముక్క మీద నల్లగళ్లు గీసి పెట్టండి. "యాభై రూపాయలు అందినవి" అని పెట్టెలోని ఆడగొంతును అనుకరించడం కోసమే కొందరు దుకాణం పెడతారు. దాంతోపాటు ఒక పాత నోటుబుక్కు, పెన్సిలు ఇచ్చి ఉద్దెర పద్దు రాయమనండి. రాయడం రాని మూడేళ్లవాడు కూడా గీత గీసి "నువ్వు నిన్నటియి ఇయ్యలే" అంటాడు. గీతకు ఒక అర్థం ఉంటుందని, రేపు దాన్ని మళ్లీ చదవొచ్చని తెలుసుకోవడం చిన్న విషయం కాదు. చేతికి పలక ఇచ్చి అక్షరాలు దిద్దించేవాళ్లు ముందు ఈ గీతల పద్దు ఒకసారి చూడాలి. ఆ పుస్తకంలో తప్పులు దిద్దొద్దు. "పది రాయాల్సింది, ఒకటి రాసినవు" అన్నామంటే మళ్లీ తనిఖీయే.

ఏ భాషలో ఆడతారన్నది వాళ్ల ఇష్టం. దేవరకొండ తండాల్లో పిల్లలు లంబాడీలో, మక్తల్, నారాయణపేట దిక్కు కన్నడంలో, టౌన్లలో ఉర్దూలో బేరమాడితే మధ్యలో ఇంగ్లిష్ మాటలు అందించొద్దు. పాత్ర నోట్లోకి మాట తొందరగా రావాలి, వెతుక్కుంటూ ఉంటే బేరం తెగదు.

చీర గుడిసె, గుడ్డ బొమ్మ, మట్టి ఎద్దు

గుడిసెకు పాత నూలు చీర కావాలి. నారాయణపేట నూలు చీరలాంటి కాస్త గరుకుది పట్టు నిలుస్తుంది. పాలిస్టర్ చీర జారుతుంది, లోపల ఉక్కపోస్తుంది, నిప్పు తగిలితే ఒంటికి అంటుకుంటుంది. తేలికైన పద్ధతి నవారు మంచానికి అడ్డంగా చీర కప్పి రెండు పక్కలా వేలాడదీయడం, పిల్లలు మంచం కింద దూరుతారు. మంచాన్ని పక్కకు నిలబెట్టి గుడిసె కట్టొద్దు, అది పడేది పిల్లల మీదే. తాడు మీద కట్టాలనుకుంటే పెద్దవాళ్ల తల ఎత్తున, అయిదున్నర అడుగుల పైన కట్టండి. నడుము ఎత్తులో కట్టిన తాడు ఉరికే పిల్లల మెడకు సరిగ్గా అందుతుంది. చీర అంచులు నేల మీద ఒక గజం పరుచుకుని వాటి మీద అయిదు లీటర్ల నీళ్ల క్యాన్లు పెడితే ఊడదు. రెండు కొసలూ తెరిచి ఉంచండి, గాలి ఆడాలి. దీపం, అగరొత్తి, టేబుల్ ఫ్యాను చీరకు నాలుగడుగుల దూరంలో. గుడిసెలో ఏం ఆడుతున్నారో తొంగి చూడొద్దు. చప్పుడు వినిపిస్తే చాలు.

గుడ్డ బొమ్మకు ఒకటిన్నర అడుగుల చదరం నూలుబట్ట. నడిమిలో బత్తాయంత దూది ఉండ పెట్టి, మెడ దగ్గర దారం పది చుట్లు చుట్టి ముడేయండి. ఎదురెదురు మూలలు రెంటికి ముడేస్తే చేతులు, మిగతాది లంగా. గింజ తీసిన దూదే వాడాలి. మూడేళ్ల లోపు పిల్లలుంటే గుండీల కళ్లు, పూసలు కుట్టొద్దు, పెన్నుతో చుక్కలు చాలు. అసలు ముఖమే గీయకపోతే ఇంకా నయం. నవ్వు కుట్టిన బొమ్మకు జ్వరం రాదు.

మట్టి విషయంలో మన నేలలు రెండు రకాలుగా మోసం చేస్తాయి. నల్లరేగడి చేతికి వెన్నలా ఉంటుంది, ఆరాక కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. ఎర్ర చెల్క మట్టి ముద్దే కాదు, రాలిపోతుంది. చెరువు ఒండ్రు నాలుగు పాళ్లకు జల్లించిన ఇసుక ఒక పాలు కలిపి, చపాతీ పిండికన్నా కొంచెం గట్టిగా పిసికి, తడి గోనెసంచి కప్పి ఒక రాత్రి ఉంచండి. కుమ్మరి ఇంట్లో ఒక ముద్ద అడిగి తెచ్చుకుంటే ఇదంతా తప్పుతుంది. పత్తిచేను మట్టి తేవద్దు, మందులు కొట్టిన నేల అది. గద్వాల దిక్కు ఏరువాక పున్నమి తర్వాతి అమావాస్యకు మట్టి ఎద్దులు చేసి పూజిస్తారు కాబట్టి అక్కడ పిల్లలకు చేయి తిరిగి ఉంటుంది. ఎద్దు కాళ్లు విడిగా చేసి అతికిస్తే ఊడతాయి, సన్నకాలు ముందు ఆరుతుంది, ఒళ్లు తర్వాత ఆరుతుంది, అతుకు దగ్గర చీలుతుంది. ఒకే ముద్దలోంచి బొటనవేలంత లావున నాలుగు కాళ్లు లాగాలి, పొట్టిగా. నీడలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. ఎండలో పెడితే సాయంత్రానికే బీటలు.

టౌన్లో మట్టి దొరకనివాళ్లకు పిండి: మైదా రెండు కప్పులు, ఉప్పు అరకప్పు, నూనె రెండు పెద్ద చెంచాలు, ఒక నిమ్మకాయ రసం, ముప్పావు కప్పు వేడినీళ్లు. ఉప్పును ముందు వేడినీళ్లలో కరిగినంత కరిగించాలి, లేకపోతే మరీ గరగరలాడుతుంది. రంగుకు పసుపు వేస్తే చాప పాడవుతుంది, బీట్‌రూట్ నయం. మూత గట్టి స్టీలు డబ్బాలో వారం ఉంటుంది. వానాకాలం ఉప్పు తేమ లాగి జిగురవుతుంది, గుప్పెడు పిండి చల్లి మళ్లీ పిసకండి. రెండేళ్ల లోపు పిల్లలకు వద్దు, తింటారు, అంత ఉప్పు వాళ్లకు మంచిది కాదు.

ముంజల కాలంలో తాటికాయ బండి సంగతి నల్లగొండ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క మాట: ఇరుసు పుల్ల కాయ దాటి ఒక అంగుళం బయటికి ఉండాలి, కొన చెక్కి నున్నగా చేయాలి. జొన్నదంటు బెండుతో ఎడ్లబండి చేసేటప్పుడు బెరడు మనమే తీసివ్వాలి, ఆ బెరడు అంచు బ్లేడులా కోస్తుంది.

ఇంట్లోకి రాకూడనివి

పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదం పండుతుంది, గింజ చుక్కలు చుక్కలుగా అందంగా ఉంటుంది, పిల్లలు జేబుల్లో వేసుకొస్తారు. ఆముదపు గింజ కొరికి నమిలితే విషం. గురివింద గింజ అంతకన్నా ప్రమాదం. గన్నేరు, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడా అంతే. దుకాణంలో సరుకుగా ఇవి కనిపిస్తే తీసేయండి. నమిలినట్టు అనుమానం వస్తే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు, ఆ గింజను వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోండి, 108కి ఫోన్ చేయండి.

పురుగుమందుల ఖాళీ డబ్బాలు ఆటకు ఎప్పటికీ వద్దు. రంగుల మూతలుంటాయి, పిల్లల కళ్లు వాటి మీదే పడతాయి. ఎన్నిసార్లు కడిగినా లోపలి వాసన పోనట్టే మందు కూడా పోదు. అడుగున పొడిచి తూట్లు చేయండి, నీళ్లకు కూడా వాడొద్దు. పాత రిమోట్లు, సంగీతం వినిపించే కార్డుల్లోని బిళ్ల బ్యాటరీలు మింగితే కొద్ది గంటల్లోనే గొంతులో కాలినట్టు పుండు చేస్తాయి. రిమోట్ ఇవ్వాలంటే బ్యాటరీ తీసి ఇవ్వండి. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో టాయిలెట్ కాగితం చుట్ట లోపలి గొట్టంలో పట్టే వస్తువేదీ గంపలో ఉండొద్దు. చింతగింజలు, కచ్చకాయలు, గోలీలు అన్నీ అందులో పడతాయి. ఉత్తుత్తి చెరువుకు బకెట్ వద్దు, వెడల్పు పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు, అదీ మనం పక్కన కూర్చుంటేనే.

మనకు నచ్చని ఆటలు

పిల్లలు పెండ్లి ఆడితే నవ్వుతాం, చావు ఆడితే కొడతాం. ఊర్లో ఎవరైనా పోతే నాలుగు రోజులు బొమ్మను పాడె మీద మోస్తారు, డప్పు కొడతారు. వాళ్లకు అర్థం కానిదాన్ని చేత్తో పట్టుకుని చూస్తున్నారంతే, అరిష్టమేమీ కాదు. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, "నిద్రపోతుండు" అని చెప్పొద్దు, తర్వాత పడుకోవడానికి భయపడతారు. నాయన పనికోసం బొంబాయి, పుణె పోయిన ఇళ్లల్లో పిల్లలు సబ్బుపెట్టె ఫోన్లో "ఎప్పుడొస్తవ్?" అని గంటలకొద్దీ మాట్లాడతారు. అడ్డం పోవద్దు. "నాకియ్యి, నేను మాట్లాడుత" అనీ అనొద్దు, అటునుంచి ఏం చెప్పాలో వాళ్లకు తెలుసు.

తాగి తూలుతూ అరిచే మనిషిని అనుకరిస్తే చుట్టాలు నవ్వుతారు. ఆ నవ్వు వల్లే అది పది రోజులు సాగుతుంది. నవ్వకుండా, తిట్టకుండా, పొరుగింటామెలా ఆటలోకి వచ్చి "పిల్లలు భయపడుతున్నరు, ఇటు కూసో" అనండి. కథకు ఇంకో దారి దొరుకుతుంది. ఒకే భయం ఆట, ఒకే తీరుగా, వారాల తరబడి, ఏ మార్పూ లేకుండా, ఆడాక పిల్ల ఇంకా బెదిరిపోయి కనిపిస్తే మాత్రం డాక్టర్‌తో మాట్లాడాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. రెండున్నరేళ్లు వచ్చినా బొమ్మకు తినిపించడం, ఫోన్ మాట్లాడినట్టు చేయడం లాంటివేమీ లేకుండా, పేరుతో పిలిస్తే తిరగకుండా ఉంటే "మగపిల్లలకు ఆలస్యమైతది" అని ఆగొద్దు. అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందం రావాలి, టీచర్‌ను అడిగి ఆ రోజు తప్పకుండా చూపించండి. బృందం వచ్చేదాకా ఆగలేమంటే నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి పోవచ్చు.

ముగించే వేళకు అయిదు నిమిషాల ముందు చెప్పాలి, ఆటలోంచే: "ఇదే ఆఖరి బస్సంట", "దుకాణం షట్టర్ దించుతున్నరా?" అని. గడియారం చూపిస్తే మూడేళ్లవాళ్లకు తెలియదు. తీసిపెట్టడానికి గంప ఒక్కటే ఉండాలి, అరలు అరలుగా పెట్టమంటే ఏడుపులే. నాలుగేళ్లు దాటినవాళ్ల ఆటను రాత్రికి కూల్చొద్దు, చాపతో సహా గోడ పక్కకు లాగేయండి. నిన్నటి కథకు ఇవాళ రెండో భాగం వస్తుంది, అది మొదటిదానికన్నా పొడుగ్గా ఉంటుంది. మట్టి, నీళ్లు, ఉల్లిగడ్డలు మాత్రం ఆ రాత్రే తీసేయండి, పొద్దున్నే ఎలుకలు, చీమలు ఉంటాయి. చీర గుడిసె కూడా విప్పేయాలి, చీకట్లో నీళ్లకు లేచిన పెద్దవాళ్లు తట్టుకుని పడతారు.